రాయడం నేర్పే టీచర్లకు పీజీ చదువు: ఏ కోర్సు బోధనను మారుస్తుంది?

క్లుప్తంగా

విద్యార్థుల చేత ఇంకా బాగా రాయించాలనుకునే టీచర్ల ముందు ఇప్పుడు చాలా రకాల పీజీ కోర్సులు ఉన్నాయి. పేర్లు దగ్గరదగ్గరగానే ఉన్నా లోపల నేర్పేది వేరు. పీజీ డిగ్రీ ఉన్నంత మాత్రాన తరగతి ఫలితాలు మెరుగుపడతాయని పరిశోధనలు చెప్పడం లేదు. టీచర్ చేత రాయించే చదువు, పిల్లల చిత్తుప్రతులను దగ్గరగా చదివించే చదువు, సొంత తరగతిలో పరీక్షించి చూడమనే చదువు బోధనను మార్చగలవు. ఆ మార్పు ఎలా జరుగుతుందో, ఎక్కడ జరగదో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

సమస్య ఎక్కడ మొదలవుతుంది

టీచర్ శిక్షణ కోర్సుల్లో చదవడం ఎలా నేర్పాలో చెబుతారు. సాహిత్యం, వ్యాకరణం, బాలల మనస్తత్వం, మూల్యాంకనం లాంటి వాటికి విడివిడిగా పేపర్లు ఉంటాయి. రాయడం నేర్పే విషయానికి వచ్చేసరికి చాలా చోట్ల ఏదో ఒక యూనిట్ చివర కాస్త చోటు దొరికితే గొప్ప. రాయడం వచ్చినవాళ్లకు నేర్పడం కూడా వచ్చేస్తుందన్న నమ్మకం దీని వెనక ఉంది. ఆ నమ్మకం నిలవదు. బాగా రాసేవాళ్లలో చాలామంది తాము ఎలా రాస్తారో విడమరచి చెప్పలేరు. ఏళ్ల తరబడి చదివీ రాసీ అలవాటైన పనులు వాళ్ల దృష్టికే రావు.

దాంతో తరగతిలో పని ఒక మూసలో పడుతుంది. టీచర్ బోర్డు మీద అంశం రాస్తారు, పేజీ నిండా రాయమంటారు, నోటుబుక్కులు పోగుచేస్తారు, ఎర్ర పెన్నుతో దిద్ది మార్కు వేస్తారు. ఇందులో రాయించడం ఉంది, పరీక్షించడం ఉంది. నేర్పడం ఎక్కడుందో వెతుక్కోవాలి. అమెరికా హైస్కూళ్లను పరిశీలించిన ఆర్థర్ ఆపిల్‌బీ 1981లో ప్రచురించిన అధ్యయనంలో, పాఠం జరిగే సమయంలో కనీసం ఒక పేరా పొడవున్న రాతకు దక్కుతున్నది సుమారు 3 శాతమేనని తేలింది. మిగతాదంతా ఖాళీలు పూరించడం, నోట్సు ఎక్కించుకోవడం, ఒకటి రెండు మాటల జవాబులు.

టీచర్లకు శ్రద్ధ లేక ఇలా జరుగుతోందనుకుంటే పొరపాటు. ఒక టీచర్‌కు 5 సెక్షన్లు, సెక్షన్‌కు 40 మంది అనుకుందాం. ఒకసారి వ్యాసం రాయిస్తే 200 కాగితాలు వస్తాయి. ఒక్కోదానికి 10 నిమిషాలు పెట్టినా 2,000 నిమిషాలు, అంటే 33 గంటలకు పైనే. మామూలు పనివారంలో ఇన్ని గంటలు ఎవరికీ మిగలవు. అందుకే కొందరు రాయించడమే తగ్గిస్తారు, కొందరు గబగబా చూసి టిక్కు పెట్టేస్తారు. పట్టుదలగా దిద్దేవాళ్లకు ఇంకో బాధ: ఇంత దిద్దినా అవే తప్పులు మళ్లీ ఎందుకొస్తున్నాయి? పీజీ చదువు వైపు చూసేలా చేసేది తరచూ ఈ ప్రశ్నే.

దిద్దుడు నుంచి పరిశోధన దాకా

ఈ రంగంలో పీజీ చదువుకు పునాది ఎక్కువగా అమెరికా విశ్వవిద్యాలయాల్లో పడింది. హార్వర్డ్ విశ్వవిద్యాలయం 1870లలో ప్రవేశ పరీక్షలో వ్యాసరచనను చేర్చింది. విద్యార్థుల రాత చూసి కంగారుపడి, 1885 నాటికి మొదటి ఏడాది వాళ్లందరికీ రచనా కోర్సును తప్పనిసరి చేసింది. మిగతా కాలేజీలు అదే బాట పట్టాయి. కోర్సు ఉంది కానీ దాని వెనక శాస్త్రం లేదు. సాహిత్యం చదివిన యువ అధ్యాపకుల ముందు గుట్టలకొద్దీ వ్యాసాలు పడేసి దిద్దమనేవారు. ఆ అలవాటు ఎన్నో దశాబ్దాలు నడిచింది.

1963లో రిచర్డ్ బ్రాడక్ బృందం అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నిటినీ జల్లెడ పట్టి ఒక నివేదిక ఇచ్చింది. వ్యాకరణ సూత్రాలను విడిగా పాఠంగా చెబితే రాత మీద పడే ప్రభావం దాదాపు శూన్యమని, అసలు రాయాల్సిన సమయాన్ని అది తినేస్తుంది కాబట్టి హాని కూడా చేయవచ్చని అందులో తేల్చారు. టీచర్లలో ఇప్పటికీ వాదన రేపే మాట ఇది. వ్యాకరణం అక్కర్లేదని దీని అర్థం కాదు. సంధులు, సమాసాలు, వాక్య భేదాలు బట్టీపట్టినంత మాత్రాన ఆ జ్ఞానం తనంతట తాను పేజీ మీదికి నడిచిరాదని మాత్రమే.

తర్వాత దృష్టి రాసిన కాగితం నుంచి రాసే మనిషి మీదికి మళ్లింది. 1971లో జానెట్ ఎమిగ్ పన్నెండో తరగతి విద్యార్థులు 8 మందిని కూర్చోబెట్టి, రాస్తూ మనసులో ఏమనుకుంటున్నారో పైకి చెప్పమన్నారు. ముందు ప్రణాళిక, తర్వాత రాత, చివర దిద్దుబాటు అని టీచర్లు చెప్పే వరుసలో వాళ్లు రాయలేదు. పదేళ్ల తర్వాత లిండా ఫ్లవర్, జాన్ హేస్ ఇదే పద్ధతిని ఇంకా లోతుగా వాడారు. ప్రణాళిక వేసుకోవడం, ఆలోచనను మాటల్లో పెట్టడం, తిరిగి చూసుకోవడం అనే మూడు పనులూ ఒకదానిలోకి ఒకటి చొరబడుతూనే ఉంటాయని 1981లో చూపించారు. నాలుగో పేరా రాస్తుండగా మొదటి పేరా తప్పని తెలుస్తుంది. దాన్ని మార్చగానే అసలు చెప్పదలచుకున్నదే మారిపోతుంది. అనుభవం ఉన్న రచయితకు ఇది మామూలే. కొత్తగా రాసేవాళ్లు మాత్రం తమకు రాయడం రాదనడానికి ఇదే రుజువు అనుకుంటారు.

నాన్సీ సోమర్స్ 1980లో చూపిన తేడా తరగతికి ఇంకా దగ్గరిది. తిరగరాయమంటే విద్యార్థులు మాటలు మారుస్తారు: ఒక పదం తీసి ఇంకో పదం పెడతారు. చేయి తిరిగినవాళ్లు వాదననే మారుస్తారు: పేరాలు ఎత్తేస్తారు, క్రమం తిప్పుతారు. పిల్లలు బద్ధకించి అలా చేయరు. తిరగరాయడమంటే సాఫు ప్రతి ఎత్తడమేనని వాళ్లకు నేర్పింది తరగతి గదే.

ఆస్ట్రేలియాలో మరో దారి తెరుచుకుంది. మైకేల్ హాలిడే భాషాశాస్త్రం ఆధారంగా జిమ్ మార్టిన్, జోన్ రోథరీ తదితరులు 1980లలో ప్రక్రియల వారీ బోధనను తీర్చిదిద్దారు. ప్రక్రియ అంటే ఇక్కడ రచనా రూపం. నివేదిక, వివరణ, వాదన లాంటి వాటిలో ఒక్కోదానికి ఒక్కో నిర్మాణం ఉంటుంది. ముందు మంచి నమూనాను విప్పి చూపిస్తారు, తర్వాత టీచర్, తరగతి కలిసి ఒకటి రాస్తారు, ఆ తర్వాతే పిల్లలు సొంతంగా రాస్తారు. ‘మనసులో ఉన్నది స్వేచ్ఛగా రాయండి’ అంటే, ఇంట్లో పుస్తకాల మధ్య పెరిగిన పిల్లలే ముందుకెళతారని, ఆ నిర్మాణం ఎప్పుడూ చూడని పిల్లలు వెనకే ఉండిపోతారని వీళ్ల వాదం. బలమైన వాదమే. స్వేచ్ఛగా రాయించాలనేవాళ్లకు, వీళ్లకు మధ్య దశాబ్దాలుగా సాగిన ఈ చర్చ ఒక మంచి పీజీ కోర్సులో తప్పక వినబడాలి.

2007లో స్టీవ్ గ్రాహమ్, డొలొరెస్ పెరిన్ 4 నుంచి 12 తరగతుల మీద జరిగిన ప్రయోగాల ఫలితాలను కలిపి లెక్కగట్టారు. ఇలాంటి లెక్కల్లో ఒక పద్ధతి వల్ల రాత ఎంత మెరుగైందో ఒక అంకెగా చూపిస్తారు: 0.2ను చిన్న ప్రభావంగా, 0.5ను మధ్యస్థంగా, 0.8ను పెద్దదిగా చూడటం పరిపాటి. ప్రణాళిక, తిరగరాతల కోసం వ్యూహాలను విడమరచి నేర్పితే 0.82, సారాంశం రాయడం నేర్పితే 0.82, పిల్లలు ఒకరికొకరు సాయపడుతూ రాస్తే 0.75, ఈ రాతలో సాధించాల్సింది ఫలానా అని స్పష్టమైన లక్ష్యం పెడితే 0.70, చిన్న వాక్యాలను కలిపి పెద్ద వాక్యాలు చేయించే అభ్యాసానికి 0.50 వచ్చాయి. విడిగా చెప్పే వ్యాకరణానికి వచ్చింది మైనస్ 0.32. 1963 నాటి మాటకు ఇక్కడ అంకెల మద్దతు దొరికింది. దాంతోపాటు వాక్యాల మీద పని మానేయనక్కర్లేదని, ఆ పని చేయించే తీరు మార్చాలని కూడా తేలింది.

ఒక తప్పు వాక్యం లోపల

ఇంత పరిశోధన చదివిన టీచర్‌కు, చదవని టీచర్‌కు తేడా కనబడేది విద్యార్థి పేజీ ముందు కూర్చున్నప్పుడు. ఒక వాక్యం తీసుకుందాం. హైస్కూలు విద్యార్థుల రాతల్లో ఈ తరహా వాక్యం తరచూ తగులుతుంది:

‘పొగ తాగడం వల్ల ఆరోగ్యానికి హానికరం.’

మామూలుగా అయితే ఎర్ర పెన్ను ‘వల్ల’ను కొట్టేస్తుంది, లేదా ‘హానికరం’ మీద గీత పెట్టి పక్కన ‘హాని కలుగుతుంది’ అని రాస్తుంది. సవరణ సరైనదే. విద్యార్థి దాన్ని చూస్తాడు, సరే అనుకుంటాడు, వచ్చే వారం ‘వ్యాయామం చేయడం వల్ల శరీరానికి మంచిది’ అని రాస్తాడు. దిద్దిన మాట వేరు, తప్పు పుట్టిన చోటు వేరు.

అక్కడ రెండు సరైన వాక్యాలు కలిసిపోయాయి. ‘పొగ తాగడం ఆరోగ్యానికి హానికరం’ ఒకటి. ‘పొగ తాగడం వల్ల ఆరోగ్యానికి హాని జరుగుతుంది’ ఇంకొకటి. విద్యార్థి రెండో దానితో మొదలుపెట్టి మొదటి దానిలో దిగాడు. మాట్లాడేటప్పుడు ఇలా దారి మారినా వినేవాళ్లు పట్టించుకోరు. కాగితం మీద కనబడిపోతుంది. అంటే ఇతనికి ఈ రెండు వాక్య నిర్మాణాలూ తెలుసు. వాక్యం మొదట్లో పెట్టిన మాటను చివరి దాకా గుర్తుపెట్టుకుని నడపడం ఇంకా కుదరడం లేదు. కారణాన్ని చెప్పే వాక్యం రాయాలని ప్రయత్నించాడు కాబట్టే తప్పు వచ్చింది. ‘పొగ తాగకూడదు’ అని రాసి ఊరుకుంటే తప్పే ఉండేది కాదు, ఎదుగుదల కూడా ఉండేది కాదు.

ఇలా చదవడాన్ని ఒక విద్యగా నిలబెట్టింది మైనా షానెసీ. న్యూయార్క్ నగర విశ్వవిద్యాలయం 1970లో హైస్కూలు పూర్తిచేసిన నగర విద్యార్థులందరికీ తలుపులు తెరిచినప్పుడు, రాత చాలా బలహీనంగా ఉన్న వేలమంది కాలేజీలకు వచ్చారు. వీళ్లకు చదువు రాదని చేతులెత్తేసిన అధ్యాపకులు ఉన్నారు. షానెసీ ఆ ప్రవేశ వ్యాసాలు సుమారు 4,000 చదివి, 1977లో ఒక పుస్తకం తెచ్చారు. తప్పులు ఇష్టమొచ్చినట్టు రావని, ఒక్కో విద్యార్థి తప్పులకు ఒక తర్కం ఉంటుందని, దాన్ని పట్టుకుంటే నేర్పవచ్చని అందులో చూపించారు. పేజీలో ఇరవై ఎర్ర గీతలున్నా వాటి వెనక ఉండేది రెండు మూడు కారణాలే కావచ్చు. ఇరవై గీతల గురించి పిల్లవాడికి చెప్పడం వృథా. రెండు కారణాల మీద పని చేయించడం సాధ్యం. ఇందాకటి 33 గంటల లెక్క మారడం కూడా ఇక్కడే మొదలవుతుంది: ప్రతి తప్పునూ దిద్దడం మానేసి ఒక్కో కాగితంలో ఒక్కో నమూనాను పట్టుకునే టీచర్‌కు తక్కువ సమయం పడుతుంది, చెప్పిన మాట నిలుస్తుంది.

ఇది తేలిపోయిన విషయం మాత్రం కాదు. రెండో భాషలో రాసేవాళ్ల వ్యాకరణ తప్పులు దిద్దడం పనికిరాదని, మానేయాలని జాన్ ట్రస్కాట్ 1996లో రాశారు. ఎంపిక చేసి, స్పష్టంగా దిద్దితే ఉపయోగం ఉందని డానా ఫెరిస్ బదులిచ్చారు. తర్వాతి పరిశోధనలు చాలావరకు ఫెరిస్ వైపు మొగ్గినా, అన్ని తప్పులూ ఒకేసారి దిద్దే పద్ధతికి మాత్రం పెద్దగా మద్దతు దొరకలేదు.

పేర్లు దగ్గర, చదువులు దూరం

రాత నేర్పాలనుకునే టీచర్లు సాధారణంగా నాలుగైదు రకాల పీజీల మధ్య ఊగిసలాడతారు. సాహిత్యంలో ఎంఏ చదివితే చదివే శక్తి పెరుగుతుంది, విమర్శ వ్యాసాలు రాయడం అలవాటవుతుంది. కానీ పదమూడేళ్ల పిల్లవాడి పేరా ఎందుకు కూలిందో ఆ సిలబస్‌లో ఎక్కడా ఉండదు. సాధారణ ఎంఎడ్‌లో పాఠ్యప్రణాళిక, పాలన, మూల్యాంకనం, పరిశోధన పద్ధతులు దొరుకుతాయి. రాత అందులో ఒక ఐచ్ఛిక పేపర్ అయితే అదృష్టం.

అనువర్తిత భాషాశాస్త్రం, రెండో భాషా బోధన కోర్సులు ఇంతకంటే దగ్గరవి. వాక్యాన్ని విప్పి చూడటం, తప్పులను వర్గీకరించడం, ప్రక్రియల నిర్మాణం వీటిలో గట్టిగా నేర్పుతారు. ఇంటి భాష ఒకటి, బడి భాష ఇంకొకటి అయిన పిల్లలకు చెప్పే టీచర్‌కు ఈ చదువు బాగా అక్కరకొస్తుంది. రచనా బోధన, వాగ్ధాటి శాస్త్రం (రెటరిక్, అంటే మాటతో, రాతతో ఎదుటివాళ్లను ఒప్పించే విద్య) కలిసిన ప్రత్యేక పీజీలు అమెరికాలో ఎక్కువ. పైన చెప్పిన పరిశోధనంతా వీటిలో ప్రధాన పాఠం. వీటికి ఒక లోపం ఉంది: చాలావాటి చూపు కాలేజీ మొదటి ఏడాది విద్యార్థి మీదే ఉంటుంది. ఆరో తరగతి టీచర్ అక్కడ నేర్చుకున్నదాన్ని తన స్థాయికి తానే దించుకోవాలి.

సృజనాత్మక రచనలో పీజీ విషయంలోనే గందరగోళం ఎక్కువ. 1936లో అయోవా విశ్వవిద్యాలయంలో మొదలైన వర్క్‌షాప్ పద్ధతి ఈ కోర్సులకు మూలం. పదీ పదిహేను మంది వలయంగా కూర్చుంటారు, ఒకరి రచనను అందరూ ముందే చదివి వస్తారు, వాళ్లు చర్చిస్తుంటే రాసినవాళ్లు మాట్లాడకుండా వింటారు. టీచర్ సొంత రాతకు ఇది ఎంతో మేలు చేస్తుంది. తమ రాత గురించి ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే ఎలా ఉంటుందో తెలుస్తుంది. కానీ ఆ పద్ధతిని 40 మంది ఉన్న ఎనిమిదో తరగతికి ఉన్నదున్నట్టు తీసుకెళితే నడవదు. అక్కడున్నవాళ్లు రాయాలని కోరుకుని, డబ్బు కట్టి వచ్చిన పెద్దవాళ్లు. ఇక్కడున్నవాళ్లలో సగం మందికి రాయడమంటేనే టెన్షన్. వర్క్‌షాప్ ఎలా నడపాలో, పిల్లల వ్యాఖ్యలను ఎలా దారిలో పెట్టాలో నేర్పే పేపర్ ఉంటే తప్ప ఈ డిగ్రీని బోధనకు సన్నాహంగా చూడలేం.

డిగ్రీకి, ఫలితానికి సంబంధం

అమెరికాలో చాలా పాఠశాల జిల్లాల్లో (బడులను నడిపే స్థానిక విభాగాల్లో) టీచర్ పీజీ పూర్తి చేస్తే జీతం పెరుగుతుంది. దాంతో ఏ సబ్జెక్టులోనైనా, ఏ విశ్వవిద్యాలయంలోనైనా పీజీ చేసే అలవాటు పెరిగింది. టీచర్‌కు పీజీ ఉండటానికి, పిల్లల పరీక్ష ఫలితాలకు మధ్య స్థిరమైన సంబంధం కనబడలేదని అక్కడి పరిశోధనలు పదేపదే చెప్పాయి. చెప్పే సబ్జెక్టులోనే పీజీ చేసినప్పుడు, ముఖ్యంగా గణితంలో, కొంత మేలు కనిపించింది.

ఫిన్లాండ్ 1979లో బడి టీచర్ల చదువును పీజీ స్థాయికి పెంచింది. అక్కడి విజయాన్ని చూపించి పీజీని తప్పనిసరి చేయాలనే వాదన తరచూ వినిపిస్తుంది. ఈ పోలికలో ఒక కీలకమైన సంగతి జారిపోతుంది. ఫిన్లాండ్‌లో పీజీ ఉద్యోగంలో చేరకముందే పూర్తయ్యే చదువు. ప్రవేశానికి పోటీ తీవ్రం. పరిశోధన చేసి థీసిస్ రాయడం, విశ్వవిద్యాలయ శిక్షణ పాఠశాలల్లో బోధించడం అందులో భాగం. జీతం కోసం సాయంత్రాలు చేసే డిగ్రీతో దాన్ని ఒకే గాటన కట్టలేం. రెండింటికీ ‘పీజీ’ అనే పేరు ఒకటే.

డిగ్రీయే ఇవ్వకుండా ఫలితం చూపిన ఉదాహరణ కూడా ఉంది. 1974లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ ప్రాంగణంలో జేమ్స్ గ్రే బే ఏరియా రైటింగ్ ప్రాజెక్టును మొదలుపెట్టారు. అనుభవం ఉన్న టీచర్లను వేసవి సెలవుల్లో పిలిచి, తమ తరగతిలో పనిచేసిన పద్ధతులను ఒకరికొకరు నేర్పమన్నారు. దాంతోపాటు వాళ్లంతా రోజూ రాయాలి. ఇది తర్వాత నేషనల్ రైటింగ్ ప్రాజెక్టుగా దేశమంతా విస్తరించింది. చాలా కేంద్రాల్లో ఈ వేసవి శిక్షణను పీజీ క్రెడిట్లుగా లెక్కేస్తారు. ఈ సంస్థ నడిపిన వాదనాత్మక రచనా శిక్షణను 10 రాష్ట్రాల్లోని 44 గ్రామీణ పాఠశాల జిల్లాల్లో లాటరీ పద్ధతిన విడదీసి పరీక్షించారు. 2015లో వచ్చిన ఫలితాల ప్రకారం, శిక్షణ అందిన జిల్లాల విద్యార్థుల వాదనలు విషయంలోనూ నిర్మాణంలోనూ మెరుగయ్యాయి. అది రెండేళ్లు సాగిన శిక్షణ. ఒకరోజు వర్క్‌షాప్ పెట్టి సర్టిఫికెట్ ఇచ్చి పంపే పద్ధతికి, దీనికి పోలికే లేదు.

టీచర్ పెన్ను పట్టినప్పుడు

టీచర్ తాను రాయాలన్న షరతు మొదట వినడానికి ఆదర్శంలా అనిపిస్తుంది. దాని వెనక ఆచరణ ఉంది. చాలామంది టీచర్లు కాలేజీ వదిలాక నివేదికలు, మార్కుల జాబితాలు తప్ప ఏమీ రాయరు. ఖాళీ కాగితం ముందు మొదటి వాక్యం రాకపోవడం ఎలా ఉంటుందో మరిచిపోతారు. సొంత వ్యాసాన్ని మూడు చిత్తుప్రతులుగా తిరగరాసి, ప్రతిసారీ తోటివాళ్ల వ్యాఖ్యలు తీసుకున్న టీచర్‌కు రెండు విషయాలు అర్థమవుతాయి. ఒకటి, ‘ఇంకా వివరంగా రాయాలి’ అనే వ్యాఖ్యతో ఏమీ చేయలేం. రెండు, మొదటి చిత్తుప్రతిలో అక్షరదోషాలు దిద్దితే తర్వాత ఎత్తేయాల్సిన పేరాకు కూడా నగిషీలు చెక్కినట్టవుతుంది.

టీచర్ల వ్యాఖ్యల్లో ఎక్కువ భాగం ఏ వ్యాసం మీదైనా అతికించగలిగేంత సాధారణంగా ఉంటున్నాయని సోమర్స్ 1982లో మరో అధ్యయనంలో రాశారు. ఒక పక్క ఈ వాక్యంలో కామా సరిచేయమంటారు, మరో పక్క ఈ పేరా మొత్తం పెంచమంటారు. రెండింటిలో ఏది ముందు చేయాలో విద్యార్థికి తెలియదు. అందుకే తేలికైనది చేస్తాడు.

గ్రంథాలయం మీద ఒక విద్యార్థి ఇలా రాశాడనుకుందాం: ‘గ్రంథాలయం చాలా ఉపయోగకరమైనది. అందులో అనేక పుస్తకాలు ఉంటాయి. అవి చదివితే జ్ఞానం వస్తుంది.’ దిద్దడానికి ఒక్క తప్పూ లేదు. ‘బాగుంది, ఇంకా రాయాలి’ అని ఆరు మార్కులు వేయవచ్చు. శిక్షణ పొందిన టీచర్ మార్జిన్‌లో ఒక్క ప్రశ్న రాస్తారు: ‘నువ్వు చివరిసారి అక్కడికి ఎప్పుడు వెళ్లావు, ఏం జరిగింది?’ మేం వెళ్లే పీరియడ్‌లో తలుపుకు తాళం ఉంటుందని పిల్లవాడు చెబితే వ్యాసానికి అసలు విషయం దొరికినట్టే. తెరవకపోతే ఎవరికి నష్టం, తెరవాలని ఎవరికి రాయాలి, ఏమని రాయాలి అనేవి వరుసగా వస్తాయి. ఇలాంటి ప్రశ్న అడగడం తనంతట అబ్బే సుగుణం కాదు, సాధనతో వస్తుంది. ఒకే చిత్తుప్రతిని సెమినార్‌లో పదిమంది టీచర్లు చదివి, తమ వ్యాఖ్యలను పక్కపక్కన పెట్టి, ఏ వ్యాఖ్య చూసి విద్యార్థి ఏం చేయగలడని వాదించుకుంటే వస్తుంది.

మార్కుల దగ్గర మరో సమస్య ఉంది. 1961లో పాల్ డీడెరిక్, ఆయన సహచరులు 300 వ్యాసాలను వేర్వేరు రంగాలకు చెందిన 53 మందికి ఇచ్చి 9 గ్రేడ్లలో విభజించమన్నారు. 94 శాతం వ్యాసాలకు 7, 8 లేదా 9 రకాల గ్రేడ్లు వచ్చాయి. ఐదు రకాల కంటే తక్కువ గ్రేడ్లు వచ్చిన వ్యాసం ఒక్కటీ లేదు. ఒకరు ఆలోచనకు మార్కులు వేశారు, ఒకరు దోషాలు చూశారు, ఒకరికి క్రమం ముఖ్యం, ఇంకొకరికి మాటల ఎంపిక. తన మార్కు ఎంత నిలకడగా ఉందో టీచర్ కనీసం ఒకసారైనా పరీక్షించుకుంటే, విద్యార్థితో మాట్లాడే తీరు మారుతుంది. మూల్యాంకనం పేపర్‌లో రూబ్రిక్ (దేనికి ఎన్ని మార్కులో చెప్పే పట్టిక) తయారుచేయడంతో ఆగిపోకుండా ఈ పని చేయించే కోర్సు విలువైనది.

యంత్రం రాసిపెట్టే కాలంలో

2022 నవంబర్‌లో చాట్‌జీపీటీ వచ్చాక, అసలు రాయడం నేర్పడానికి పీజీ ఎందుకన్న ప్రశ్న బలంగా వినిపిస్తోంది. పూర్తయిన వ్యాసాన్ని మాత్రమే చూసి మార్కులు వేసే పద్ధతికి ఈ సాంకేతికత గట్టి దెబ్బే కొట్టింది. కాగితం చూసి ఎవరు రాశారో చెప్పలేం. పట్టుకుంటామనే సాఫ్ట్‌వేర్లు నిజాయితీగా రాసినవాళ్లను, ముఖ్యంగా నేర్చుకున్న భాషలో రాసేవాళ్లను కూడా దోషులుగా చూపిన సందర్భాలు ఉన్నాయి.

రాసే క్రమాన్ని నేర్పే టీచర్ పరిస్థితి వేరు. తరగతిలోనే మొదటి చిత్తుప్రతి, దాని మీద మాటామంతీ, రెండో ప్రతిలో ఏం మార్చారో ఎందుకు మార్చారో విద్యార్థి రాసే చిన్న నోట్, ఇవన్నీ ఉన్నచోట యంత్రానికి అప్పగించగలిగేది తగ్గుతుంది. పైగా యంత్రం ఇచ్చిన పేరాను బోర్డు మీద పెట్టి, ఇందులో ఏ వాక్యం ఏమీ చెప్పడం లేదో వెతకమనడం మంచి అభ్యాసం. ఏఐ వల్ల ఈ చదువు అవసరం తగ్గుతుందనే అంచనాకు ఆధారం కనబడదు. అవసరం పెరుగుతుందనే సూచనలే ఎక్కువ.

చేరే ముందు, చేరి వచ్చాక

కోర్సు పేరు, విశ్వవిద్యాలయం ర్యాంకు చూసి నిర్ణయించడం కంటే సిలబస్ తెప్పించి చదవడం మేలు. అందులో విద్యార్థుల అసలు రాతలు చదివే పేపర్ ఉందా? టీచర్ తన రాతను తిరగరాసి సమర్పించాల్సిన పని ఉందా, లేక అన్నీ సిద్ధాంతాల మీద పరీక్షలేనా? పాఠం చెప్పేవాళ్లు చివరిసారి బడి పిల్లల ముందు ఎప్పుడు నిలబడ్డారు? డిసర్టేషన్‌కు సొంత తరగతినే తీసుకోనిస్తారా? ఆఖరి ప్రశ్న చాలా ముఖ్యం. ఉద్యోగం చేస్తూ చదివే టీచర్‌కు తరగతే ప్రయోగశాల. ఒక సెక్షన్‌లో వ్యాఖ్యలు మొదటి ప్రతి మీద, ఇంకో సెక్షన్‌లో చివరి ప్రతి మీద ఇచ్చి చూడటం పెద్ద పరిశోధన కాకపోవచ్చు. కానీ ఆ ఏడాది తర్వాత ఆ టీచర్ వ్యాఖ్యలు రాసే తీరు మళ్లీ వెనక్కి పోదు. ఆన్‌లైన్ కోర్సులను ఈ ప్రశ్నలతోనే తూచాలి. వీడియో పాఠాలు, క్విజ్‌లతో నడిచేవాటికి విలువ తక్కువ. పదిహేను మంది ఒకరి తరగతి కాగితాలు ఇంకొకరు చదివే ఆన్‌లైన్ సెమినార్ బాగానే పనిచేస్తుంది.

చదువు ముగించుకుని బడికి తిరిగొచ్చిన టీచర్ ముందు అవే 200 కాగితాలు ఉంటాయి. పీరియడ్ అంతే, సిలబస్ అంతే, పరీక్ష అంతే. పరీక్ష ఒక్క గంటలో ఒకే ప్రతి రాయమంటుంది. టీచర్ మూడు ప్రతులు రాయించాలనుకుంటారు. పాఠశాల పాలకులు ఇక్కడ ఏం చేస్తారన్న దాన్ని బట్టే ఆ రెండేళ్ల చదువు నిలుస్తుంది లేదా కరిగిపోతుంది. వ్యాసాల సంఖ్య తగ్గించి తిరగరాతకు సమయం ఇవ్వాలి. సైన్స్, సాంఘిక శాస్త్రం టీచర్లను కూడా రాత పనిలో కలుపుకోవాలి, ఎందుకంటే పిల్లలు బడిలో రాసేదాంట్లో చాలా భాగం ఆ నోటుబుక్కుల్లోనే ఉంటుంది.

మొదటి ఏడాది ఫలితాలు చూసేటప్పుడు ఇంకో జాగ్రత్త అవసరం. చిన్న చిన్న భద్రమైన వాక్యాలు వదిలి కారణాలు, షరతులు, భేదాలు చెప్పే పెద్ద వాక్యాలకు సాహసించే పిల్లల రాతలో తప్పులు కొంతకాలం పెరగవచ్చు. తప్పుల లెక్కనే కొలమానంగా పెట్టుకున్న తనిఖీ అధికారికి అది దిగజారడంలా కనిపిస్తుంది. ఏడాది మొదట్లో రాసినది, మధ్యలో రాసినది, చివర్లో రాసినది మూడు ప్రతులూ ఒకే ఫైల్‌లో ఉంచి పక్కపక్కన చదివితేనే అసలు సంగతి బయటపడుతుంది. అలా చదవడం ప్రధానోపాధ్యాయులకు, తనిఖీ అధికారులకు కూడా నేర్పాల్సి ఉంటుంది. ఇప్పుడున్న పీజీ కోర్సుల్లో ఆ పని తలకెత్తుకున్నవి చాలా తక్కువ.